77 ప్రాణాలకు 21 ఏళ్లేనా? సామూహిక హత్యలకు వేసే శిక్షల అసలు లెక్క

2011 జూలై 22న నార్వే రాజధాని ఓస్లోలో ప్రభుత్వ కార్యాలయాల ముందు ఒకడు బాంబు పేల్చి 8 మందిని చంపాడు. అక్కడి నుంచి పోలీసు దుస్తుల్లో ఉటోయా అనే చిన్న దీవికి వెళ్లి, యువజన శిబిరం మీద తుపాకీతో విరుచుకుపడి 69 మంది ప్రాణాలు తీశాడు. వాళ్లలో ఎక్కువమంది ఇరవై ఏళ్లు కూడా నిండని పిల్లలు. మరుసటి ఏడు ఆగస్టులో కోర్టు అతనికి 21 ఏళ్ల శిక్ష వేసింది.

21 ఏళ్లను 77తో భాగిస్తే ఒక్కో ప్రాణానికి వంద రోజులు కూడా రావు. తీర్పు వార్త చదివిన రోజు నేనూ ఈ లెక్క వేసుకుని మండిపడ్డాను. ఇప్పటికీ ఎక్కడైనా ఘోరం జరిగి శిక్షల మీద చర్చ మొదలైతే ఎవరో ఒకరు నార్వేను తెచ్చి చూపిస్తారు. అక్కడ హంతకుడికి ఏసీ గదులు, టీవీ, 21 ఏళ్లు కాగానే ఇంటికి అంటారు. ఆ మాటలో సగం తప్పుంది. ఆ తప్పు ఎక్కడుందో తెలిస్తే, సామూహిక హత్యలు చేసినవాళ్లను ఏ దేశం ఎలా శిక్షిస్తుందన్న చిక్కుముడి సగం విడిపోతుంది.

ముందుగా ఒక మాట. పేరు కోసం, తన పైత్యం ప్రపంచమంతా చదవాలన్న ఆశతో జనాన్ని చంపినవాళ్ల పేర్లు ఈ వ్యాసంలో రాయను. అధికారంలో ఉండి చంపించినవాళ్ల పేర్లు మాత్రం రాస్తాను. వాళ్లు కోరుకున్నది తమ పేరు బయటికి రాకపోవడమే.

నార్వే హంతకుడికి పడింది మామూలు జైలు శిక్ష కాదు. నార్వే భాషలో దాన్ని ఫొర్వారింగ్ అంటారు. మామూలు శిక్షలో కాలం అయిపోగానే జైలు తలుపు తెరవాల్సిందే. ఫొర్వారింగ్‌లో 21 ఏళ్లు నిండినా ఆ మనిషి వల్ల సమాజానికి ఇంకా ప్రమాదం ఉందని కోర్టు అనుకుంటే మరో ఐదేళ్ల వరకు పొడిగించవచ్చు. ఆ తర్వాత ఇంకో ఐదేళ్లు. ఇలా ఎన్నిసార్లు పొడిగించవచ్చన్నదానికి హద్దు లేదు. చనిపోయేదాకా లోపలే ఉంచవచ్చు. విచారణ లేకుండానే జైల్లో పెట్టే ముందస్తు నిర్బంధంతో దీన్ని కలపకూడదు. ఇది నేరం రుజువయ్యాక కోర్టు వేసే శిక్ష.

మరోవైపు, కనీసం పదేళ్లు గడిచాక విడుదల చేయమని అడిగే హక్కు ఖైదీకి వస్తుంది. అతను 2022 జనవరిలో ఆ హక్కు వాడుకున్నాడు. జైలు వ్యాయామశాలనే కోర్టు గదిగా మార్చి విచారణ జరిపితే, లోపలికి వస్తూనే నాజీ సెల్యూట్ చేశాడు. కోర్టు కాదంది. 2024లో మళ్లీ అడిగాడు, మళ్లీ కాదంది. కాబట్టి 21 అన్నది గేటు తెరుచుకునే తేదీ కాదు. ఆ మనిషి ఇప్పుడు ఎలాంటివాడు అని కోర్టు మళ్లీ తప్పనిసరిగా అడగాల్సిన తేదీ.

ఇక వసతుల సంగతి. అతనికి నిద్రపోవడానికి ఒకటి, వ్యాయామానికి ఒకటిగా వేర్వేరు గదులున్న మాట, టీవీ, గేమ్ ఆడుకునే పరికరం, చివరికి పెంచుకోవడానికి చిన్న పిట్టలు కూడా ఇచ్చిన మాట నిజం. కానీ తోటి ఖైదీలతో చాలావరకు కలవనివ్వలేదు. ఏళ్లకేళ్లుగా అతని చుట్టూ ఉన్నది ఎక్కువగా జైలు సిబ్బందే. ఈ ఒంటరితనం అమానుషమని అతనే ప్రభుత్వం మీద కేసు వేస్తే 2016లో కింది కోర్టు అతని వైపు తీర్పిచ్చింది. మరుసటి ఏడు పై కోర్టు దాన్ని కొట్టేసింది. ఆ తర్వాత వేసిన కొత్త దావా కూడా 2024లో ఓడిపోయింది. కింది కోర్టులో గెలిచాడన్న వార్త విన్నప్పుడు ఉటోయాలో పిల్లల్ని పోగొట్టుకున్న ఇళ్లలో ఏం జరిగి ఉంటుందో ఊహించుకోవడానికే నాకు భయం వేసింది. అయినా నార్వే తన పద్ధతి మార్చుకోలేదు. ఆ దేశానికి మరణశిక్ష తెలియక కాదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక నాజీలతో చేతులు కలిపిన విడ్‌కున్ క్విస్లింగ్‌ను, ఇంకా కొందరిని 1945 నుంచి కాల్చి చంపింది. 1979లో ఆ శిక్షను చట్టంలోంచి పూర్తిగా తీసేసింది. 2011లో ఆ మనిషి ఒక్కడి కోసం ఆ నిర్ణయాన్ని తిరగదోడలేదు.

అడగనే వద్దన్న దేశం

న్యూజీలాండ్ దీనికి పూర్తిగా వేరే దారి పట్టింది. 2019 మార్చి 15, శుక్రవారం. క్రైస్ట్‌చర్చ్ నగరంలో అల్ నూర్ మసీదులో, లిన్‌వుడ్ ఇస్లామిక్ సెంటర్‌లో ప్రార్థనకు వచ్చినవాళ్లలో 51 మందిని ఒకడు కాల్చి చంపాడు. చంపుతూ ఇంటర్నెట్‌లో లైవ్ ఇచ్చాడు. అప్పటి ప్రధాని జసిండా ఆర్డెర్న్ అతని పేరు తన నోట ఎన్నటికీ రాదని పార్లమెంటులో చెప్పారు.

ఏడాది తర్వాత అతను నేరం ఒప్పుకున్నాడు. దాంతో విచారణ పేరుతో తన సిద్ధాంతాన్ని నెలల తరబడి కోర్టులో చెప్పుకునే అవకాశం లేకుండా పోయింది. 2020 ఆగస్టులో శిక్ష ఖరారు కోసం నాలుగు రోజుల పాటు కోర్టు కూర్చుంది. ఆ రోజుల్లో ఎక్కువ సమయం మాట్లాడింది లాయర్లు కాదు. గాయపడినవాళ్లు, భర్తను, కొడుకును, తండ్రిని పోగొట్టుకున్నవాళ్లు. దాదాపు 90 మంది ఒకరి తర్వాత ఒకరు అతని ముఖంలోకి చూస్తూ చెప్పాల్సింది చెప్పారు. ఒకరు క్షమించామన్నారు. ఇంకొకరు ఎప్పటికీ క్షమించమన్నారు. అతను మాట్లాడలేదు. చివర్లో జస్టిస్ కామెరాన్ మాండర్ పెరోల్, అంటే షరతులతో ముందే విడుదలయ్యే వీలు, లేని యావజ్జీవం వేశారు. 2010లో చట్టంలోకి వచ్చిన ఆ శిక్షను న్యూజీలాండ్‌లో ఎవరికైనా వేయడం అదే మొదటిసారి.

నార్వే కోర్టు ‘ఇతను రేపు ఎలా ఉంటాడు?’ అని అడుగుతూనే ఉంటుంది. న్యూజీలాండ్ కోర్టు ‘ఇతను చేసినదానికి ఇక రేపు అనేదే లేదు’ అని ఆ ప్రశ్నను ఒక్కసారే మూసేసింది. ఆచరణలో ఇద్దరూ జైల్లోనే చనిపోవచ్చు. కానీ బాధితుల వైపు నుంచి చూస్తే తేడా చాలా పెద్దది. నార్వేలో అతను విడుదల కోరిన ప్రతిసారీ ఆ కుటుంబాలు మళ్లీ అతని ముఖం టీవీలో చూడాలి, అతని మాటలు వినాలి. క్రైస్ట్‌చర్చ్ కుటుంబాలకు పెరోల్ విచారణ అనే టెన్షన్ లేదు. ఖైదీ హక్కుల గురించి ఎంతో రాసేవాళ్లు కూడా ఈ విషయాన్ని రెండు ముక్కల్లో దాటేస్తారు. నాకు మాత్రం ఇదే అన్నిటికన్నా బరువైన విషయంగా కనపడుతుంది.

శిక్షల్ని కూడాలా, వద్దా

ఆరుగురిని చంపినవాడికీ ఒకరిని చంపినవాడికీ ఒకే శిక్ష పడితే మిగతా ఐదు ప్రాణాలకు లెక్క లేనట్టేనా? కెనడా ఈ ప్రశ్న మీద పదేళ్లకు పైగా కొట్టుమిట్టాడింది. అక్కడ పథకం వేసి చేసిన హత్యకు యావజ్జీవం, పాతికేళ్ల తర్వాత పెరోల్ అడిగే హక్కు. 2011లో పార్లమెంటు చట్టం మార్చి, హత్యలు ఎన్ని ఉంటే అన్ని పాతికేళ్లు కలిపే అధికారం జడ్జీలకు ఇచ్చింది. అంటే ఆరు హత్యలకు 150 ఏళ్ల దాకా పెరోల్ మాట ఎత్తకుండా చేయవచ్చు.

2017 జనవరి 29న క్యూబెక్ నగరంలోని మసీదులో ఆరుగురిని చంపినవాడి కేసులో ఇదే తేలాల్సి వచ్చింది. విచారణ జడ్జి 40 ఏళ్లన్నారు. అప్పీలు కోర్టు పాతికకు దించింది. 2022 మే 27న కెనడా సుప్రీంకోర్టు న్యాయమూర్తులంతా ఒక్క మాట మీద 2011 చట్టాన్నే కొట్టేశారు. మనిషి ఆయుష్షును మించిన గడువు పెట్టడమంటే అతను మారగలడన్న ఊహనే ముందే కొట్టేయడమని, అది మానవ గౌరవానికి విరుద్ధమని అన్నారు. పాతికేళ్లకు వచ్చేది అడిగే హక్కే తప్ప విడుదల కాదని, ఈ తీర్పుతో చనిపోయినవాళ్ల ప్రాణాల విలువ తగ్గదని కూడా రాశారు. చట్టం ప్రకారం ఆ వాదన గట్టిదే. అయినా తండ్రి చనిపోయినప్పుడు పసివాళ్లుగా ఉన్న పిల్లలు పెద్దవాళ్లయ్యే సరికి పెరోల్ బోర్డు విచారణ ఎదురుచూస్తుంటుంది. ఈ సంగతి ఆ తీర్పులో ఏ పేరాతోనూ తీరేది కాదు.

అమెరికా దీనికి పూర్తిగా ఎదురు కొస. కొలరాడో రాష్ట్రం ఆరోరా పట్టణంలో 2012లో సినిమా హాల్లో 12 మందిని చంపినవాడికి 12 యావజ్జీవాలు, ఆ పైన 3,318 ఏళ్ల జైలు వేశారు. టెక్సస్‌లోని ఎల్ పాసోలో 2019లో 23 మందిని చంపినవాడికి ఫెడరల్ కోర్టు వరసగా 90 యావజ్జీవాలు వేసింది. ఒక మనిషి ఒక జీవితమే జైల్లో గడపగలడని ఆ జడ్జీలకు తెలియక కాదు. గాయపడి బతికినవాళ్లతో సహా ప్రతి ఒక్కరికీ తీర్పులో తమదైన ఒక వరస ఉండాలన్నది అక్కడి పద్ధతి. రేపు ఒక శిక్ష సాంకేతిక కారణంతో పోయినా మిగతావి నిలబడతాయన్న జాగ్రత్త కూడా ఉంది.

అదే అమెరికాలో మరణశిక్ష దగ్గరకొచ్చేసరికి ఫలితం ఊహించలేనిదవుతుంది. ఓక్లహోమా సిటీలో 1995 ఏప్రిల్ 19న బాంబు పెట్టి 19 మంది పిల్లలతో సహా 168 మందిని చంపినవాడికి 2001 జూన్ 11న విషపు ఇంజెక్షన్‌తో శిక్ష అమలు చేశారు. చూడాలనుకున్న బాధితుల కోసం క్లోజ్డ్ సర్క్యూట్ టీవీ పెడితే రెండు వందల మందికి పైగా వచ్చి చూశారు. అదే బాంబు దాడిలో కూతుర్ని పోగొట్టుకున్న ఒక తండ్రి మాత్రం ఆ శిక్ష వద్దని ఊరూరా తిరిగి చెప్పాడు. ఫ్లోరిడాలో 2018 ఫిబ్రవరి 14న పార్క్‌లాండ్ స్కూల్లో 17 మందిని చంపినవాడి కేసులో జ్యూరీలో తొమ్మిది మంది మరణశిక్ష వేయాలన్నారు, ముగ్గురు వద్దన్నారు. అప్పటి చట్టం ప్రకారం పన్నెండు మందీ ఒక్క మాట మీద ఉండాలి కాబట్టి పెరోల్ లేని యావజ్జీవం పడింది. కోర్టు బయట తల్లిదండ్రులు కోపంతో వణికిపోయారు. మరుసటి ఏడే ఫ్లోరిడా ఎనిమిది మంది ఒప్పుకుంటే చాలని చట్టం మార్చేసింది. ఒక్క కేసులోని కడుపుకోత రాష్ట్రం మొత్తానికి చట్టమైంది. అది సరైన పద్ధతని నేను అనుకోను. అయితే ఆ తల్లిదండ్రులకు ఎదురుగా నిలబడి ఆ మాట అనగలనా అంటే, అనలేను.

2024 డిసెంబరులో అప్పటి అధ్యక్షుడు బైడెన్ ఫెడరల్ మరణశిక్ష పడిన 40 మందిలో 37 మందికి యావజ్జీవంగా మార్చారు. వదిలేసిన ముగ్గురూ సామూహిక హత్యలు చేసినవాళ్లే. బోస్టన్ మారథాన్, చార్లెస్టన్ చర్చి, పిట్స్‌బర్గ్ యూదు ప్రార్థనా మందిరం. మరణశిక్షను వ్యతిరేకించే నాయకుడి దగ్గర కూడా ఈ నేరం దగ్గరికొచ్చేసరికి మినహాయింపు వచ్చిందంటే, దీన్ని మిగతా హత్యలతో కలిపి చూడటం ఎంత కష్టమో తెలుస్తుంది.

ఐరోపాలో గీత వేరే చోట ఉంది. యావజ్జీవ ఖైదీకైనా ఎప్పుడో ఒకనాడు బయటపడతానన్న ఆశ ఉండాలని జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 1977లోనే చెప్పింది. 2013లో బ్రిటన్ ఖైదీల కేసులో ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం కూడా అదే దారిలో వెళ్లి, శిక్షను తిరిగి పరిశీలించే మార్గమే లేకుండా జీవితాంతం ఉంచడం కుదరదంది. 2015 నవంబరు 13 పారిస్ దాడుల్లో 130 మంది చనిపోయారు. దాడి చేసిన బృందంలో ప్రాణాలతో మిగిలిన ఒక్కడికి 2022లో ఫ్రాన్స్ తన చట్టంలోని అతి కఠినమైన యావజ్జీవం వేసింది. దాన్నయినా ముప్పై ఏళ్ల తర్వాత ఒకసారి తిరిగి చూడమని అడగవచ్చు.

ఒక్కోసారి శిక్షను తేల్చేది నేరం కాదు, వయసు. ఇంగ్లండ్‌లోని సౌత్‌పోర్ట్‌లో 2024 జూలైలో డాన్స్ క్లాసుకు వచ్చిన ముగ్గురు చిన్నారులను పొడిచి చంపినవాడికి ఆ రోజుకు పద్దెనిమిది నిండటానికి తొమ్మిది రోజులు తక్కువ. అందుకే జీవితాంతం విడుదల లేని శిక్ష వేసే అధికారం జడ్జికి లేకపోయింది. కనీసం 52 ఏళ్లు లోపలే ఉండాలన్నారు. ఒక్కోసారి మానసిక స్థితి. నార్వే కేసులో మొదటి వైద్య బృందం నిందితుడికి తీవ్ర మానసిక వ్యాధి ఉందంది, రెండో బృందం లేదంది. కోర్టు రెండోదాన్నే నమ్మింది. మొదటిదాన్ని నమ్మి ఉంటే అతను జైలుకు కాక చికిత్సకు వెళ్లేవాడు.

యావజ్జీవం అంటే 14 ఏళ్లా

భారతదేశంలో 1980 నాటి బచ్చన్ సింగ్ కేసు నుంచి సుప్రీంకోర్టు మాట ఒకటే. యావజ్జీవమే నియమం, ఉరి ‘అరుదైన వాటిలోకెల్లా అరుదైన’ కేసుల్లోనే. 2008 నవంబరు 26న ముంబై మీద దాడి చేసి 166 మందిని పొట్టన పెట్టుకున్న ముఠాలో ప్రాణాలతో చిక్కింది ఒకే ఒక్కడు. అతనికి 2010 మేలో ప్రత్యేక కోర్టు ఉరిశిక్ష వేసింది. సుప్రీంకోర్టు 2012 ఆగస్టులో ఖరారు చేసింది. ఆ నవంబరు 21న పుణేలోని యెరవాడ జైల్లో ఉరితీశారు. దాడికి శిక్షకు మధ్య నాలుగేళ్లు. భారత న్యాయవ్యవస్థలో ఇది చాలా వేగం. అప్పటికీ అతనికి ప్రభుత్వ ఖర్చుతో లాయర్‌ను పెట్టారు, సుప్రీంకోర్టు దాకా అప్పీలు అవకాశం ఇచ్చారు. అతనికి బిర్యానీ పెడుతున్నారంటూ అప్పట్లో వచ్చిన మాట కట్టుకథేనని ఆ కేసు వాదించిన ప్రాసిక్యూటరే తర్వాత ఒప్పుకున్నారు.

ఉరి మీద ఎంత చర్చ జరుగుతుందో యావజ్జీవం మీద అంత తక్కువ జరుగుతుంది. అందుకే ‘యావజ్జీవం అంటే 14 ఏళ్లు’ అన్న అపోహ పాతుకుపోయింది. చట్టంలో యావజ్జీవం అంటే చివరి ఊపిరి దాకా అనే. అయితే శిక్ష తగ్గించే అధికారం ప్రభుత్వానికి ఉంది. హత్యలాంటి ఘోర నేరాల్లో కనీసం 14 ఏళ్లు గడిచేదాకా ఆ అధికారం వాడకూడదు, అంతే. ప్రభుత్వం తగ్గించకపోతే ఖైదీ అక్కడే ఉంటాడు. ఉరికీ పద్నాలుగేళ్లకూ మధ్య ఉన్న ఈ ఖాళీని చూసే 2008లో స్వామి శ్రద్ధానంద కేసులో సుప్రీంకోర్టు, శిక్ష తగ్గింపు లేని యావజ్జీవం అనే మధ్య దారి తెరిచింది.

తగ్గింపు అధికారం ఎవరి చేతిలో ఉందన్నది ఎంత ముఖ్యమో 2022 ఆగస్టు 15న అందరికీ అర్థమైంది. 2002 గుజరాత్ హింసలో బిల్కిస్ బానో మీద సామూహిక అత్యాచారం చేసి, ఆమె మూడేళ్ల కూతురితో సహా కుటుంబ సభ్యులను చంపిన కేసులో యావజ్జీవం పడిన 11 మందిని గుజరాత్ ప్రభుత్వం ఆ రోజు వదిలేసింది. జైలు బయట వాళ్లకు స్వీట్లు పంచారు, దండలు వేశారు. ఆ ఫోటోలు చూసి నిద్రపట్టనివాళ్లలో నేనొకడిని. విచారణ ముంబైలో జరిగింది కాబట్టి తగ్గింపు నిర్ణయం తీసుకునే హక్కు గుజరాత్‌కు లేనేలేదని 2024 జనవరి 8న సుప్రీంకోర్టు ఆ విడుదలను కొట్టేసి, రెండు వారాల్లో లొంగిపోమంది. నార్వేలో ఖైదీ విడుదలను బహిరంగ విచారణ జరిపి కోర్టు తేలుస్తుంది. ఇక్కడ ఒక కమిటీ, ఒక ఫైలు, ఒక సంతకం తేల్చాయి. యావజ్జీవం అన్న పేరు ఎంత బరువుగా ఉన్నా, లోపల ఉన్నది అదే.

హంతకులు లక్షల్లో ఉంటే

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఒకడో పదిమందో చేసిన నేరాలు. చంపినవాళ్లే లక్షల్లో ఉంటే? 1994 ఏప్రిల్ నుంచి దాదాపు వంద రోజుల్లో ఆఫ్రికాలోని రువాండాలో సుమారు ఎనిమిది లక్షల మందిని చంపారు. చనిపోయినవాళ్లలో అత్యధికులు టుట్సీ తెగవాళ్లు. చంపినవాళ్లు బయటి నుంచి వచ్చినవాళ్లు కాదు. పక్కింటివాళ్లు, పిల్లలకు పాఠాలు చెప్పినవాళ్లు. కొన్ని ఇళ్లలో పెళ్లి సంబంధాలు కలుపుకున్నవాళ్లు.

ఆ దశాబ్దం చివరికి రువాండా జైళ్లలో సుమారు లక్షా ఇరవై వేల మంది ఉన్నారు. పడుకోవడానికి చోటు లేక వంతులేసుకునే స్థితి. జడ్జీల్లో, లాయర్లలో చాలామంది మారణకాండలోనే చనిపోయారు లేదా దేశం వదిలి పారిపోయారు. మామూలు కోర్టుల్లో అందరినీ విచారించాలంటే వందేళ్లకు పైనే పడుతుందని అంచనా వేశారు. అప్పుడు ఊరి తగవులు తీర్చే పాత పద్ధతి గచాచాను బయటికి తీశారు. ఆ మాటకు మూలం గడ్డి. గడ్డి మీద కూర్చుని పంచాయితీ చేసేవాళ్లు కాబట్టి ఆ పేరు. 2002లో ప్రయోగంగా మొదలై, 2005 నుంచి దేశమంతా పాకి, 2012 జూన్‌లో ముగిసేసరికి సుమారు 12 వేల గచాచాలు పంతొమ్మిది లక్షలకు పైగా కేసులు విన్నాయి. వాటిలో ఆస్తి దోపిడీ కేసులు చాలా ఉన్నాయి. జడ్జీలు చదువుకున్న న్యాయమూర్తులు కాదు, నిజాయితీపరులని ఊరు ఎన్నుకున్నవాళ్లు.

గచాచా బేరం ఇది: అంతా ఒప్పుకో, ఎవరితో కలిసి చంపావో చెప్పు, శవం ఎక్కడుందో చూపించు, క్షమాపణ అడుగు. అలా చేస్తే శిక్ష బాగా తగ్గుతుంది. మిగిలినదాంట్లో సగం దాకా రోడ్లు వేయడం, పొలాలకు గట్లు కట్టడం లాంటి పనితో తీర్చుకోవచ్చు. ఊరి మధ్య, చంపినవాడు, అతని కుటుంబం, చచ్చి బతికినవాళ్లు ఒకే గడ్డి మీద కూర్చోవాలి. దీని మీద విమర్శలు చిన్నవి కావు. నిందితులకు లాయర్లు లేరు. పాత కక్షలతో అబద్ధపు సాక్ష్యాలు చెప్పినవాళ్లున్నారు. నిజం చెప్పబోయిన సాక్షుల్ని చంపిన ఘటనలూ ఉన్నాయి. గెలిచి అధికారంలోకి వచ్చిన సైన్యం చేసిన హత్యల్ని ఈ పంచాయితీల పరిధిలోకే రానివ్వలేదు. ఆ చివరి లోపం నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది. ఆ మృతులకు నోరే దొరకలేదు.

ఇదే సమయంలో నాయకుల విచారణ పక్క దేశం టాంజానియాలోని అరూషా నగరంలో, ఐక్యరాజ్యసమితి పెట్టిన ట్రైబ్యునల్‌లో జరిగింది. ఐక్యరాజ్యసమితి కోర్టు కాబట్టి మరణశిక్ష ఉండదు. దీనివల్ల వచ్చిన వైపరీత్యం 1998లో కళ్లకు కట్టింది. ఆ ఏప్రిల్‌లో రువాండా ప్రభుత్వం 22 మందిని బహిరంగంగా కాల్చి చంపింది. వాళ్లలో ఒక పార్టీ నాయకుడూ ఉన్నాడు. ఆ సెప్టెంబరులో, మారణకాండ జరిగినప్పుడు ప్రధానిగా ఉన్న జాన్ కంబాండాకు అరూషాలో పడింది యావజ్జీవం. అతను మాలి దేశపు జైలుకు వెళ్లాడు. కింద ఉన్నవాళ్లకు తుపాకీ గుండు, పైన ఉండి నడిపించినవాడికి నిబంధనల ప్రకారం నడిచే జైలు గది. ఈ తేడా దిద్దుకోవడానికీ, అరూషా నుంచి, ఐరోపా నుంచి నిందితుల్ని తెచ్చుకోవడానికీ రువాండా 2007లో మరణశిక్షను రద్దు చేసింది.

అంతర్జాతీయ కోర్టులకు సొంత జైళ్లు లేవు. విచారణ సమయంలో ఉంచే గదులు తప్ప. తీర్పు తర్వాత ఏదో ఒక దేశం ‘మేం ఉంచుకుంటాం’ అనాలి. స్రెబ్రెనీట్సాలో 1995 జూలైలో ఎనిమిది వేల మంది బోస్నియా ముస్లిం పురుషుల్ని, కుర్రాళ్లను చంపిన నేరానికి యావజ్జీవం పడిన బోస్నియా సెర్బుల మాజీ నాయకుడు రాదోవాన్ కరాజిచ్ ఇప్పుడు ఇంగ్లండ్ దక్షిణాన ఒక దీవి జైల్లో ఉన్నాడు. సియెర్రా లియోన్‌లో తిరుగుబాటుదారుల దారుణాలకు సాయపడిన లైబీరియా మాజీ అధ్యక్షుడు చార్లెస్ టేలర్ 50 ఏళ్ల శిక్ష కూడా ఇంగ్లండ్‌లోనే అనుభవిస్తున్నాడు. కరాజిచ్ లాంటివాళ్ల కోసం పెట్టిన యుగోస్లావియా యుద్ధ నేరాల ట్రైబ్యునల్లో శిక్ష మూడింట రెండొంతులు పూర్తయితే వదిలేసే ఆనవాయితీ ఉండేది. 11 ఏళ్లు పడిన బోస్నియా సెర్బుల మాజీ నాయకురాలు బిల్యానా ప్లావ్‌షిచ్ 2009లో అలాగే బయటికొచ్చి, సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్‌లో దిగితే ఎదురెళ్లి స్వాగతం పలికారు. నేరం ఒప్పుకుని పశ్చాత్తాపం చెప్పినందుకే ఆమెకు తక్కువ శిక్ష పడింది. తర్వాత ఆ మాటల నుంచి వెనక్కి వెళ్లింది.

కంబోడియాలో మొదటి లెక్క మళ్లీ ఎదురవుతుంది. ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు బృందం పాలనలో తుఓల్ స్లెంగ్ చిత్రహింసల జైలును నడిపినవాడు డుచ్. అక్కడ కనీసం 12,272 మందిని చంపారని కోర్టే తేల్చింది. 2010లో 35 ఏళ్లు వేసి, అంతకుముందు చట్టవిరుద్ధంగా నిర్బంధించినందుకు కొంత, అప్పటికే లోపల గడిపినదానికి కొంత తీసేస్తే మిగిలింది 19 ఏళ్లు. ఒక్కో ప్రాణానికి పద్నాలుగు గంటలు కూడా కాదు. బతికి బయటపడ్డ కొద్దిమంది కోర్టు బయటే ఏడ్చారు. 2012లో అప్పీలు బెంచి దాన్ని యావజ్జీవం చేసింది. అతను 2020లో ఖైదీగానే చనిపోయాడు. నార్వేలో ఈ లెక్క తప్పు అన్నాను. ఇక్కడ తప్పు కాదు. అది పొడిగించే వీలున్న శిక్ష, ఇది కచ్చితంగా తీరిపోయే శిక్ష.

కొలంబియా ఇంకా ముందుకెళ్లింది. 2016 శాంతి ఒప్పందంలో, నిజమంతా చెప్పిన గెరిల్లా నాయకులకు జైలే ఉండకూడదని రాసుకుంది. 2025 సెప్టెంబరులో 21 వేలకు పైగా అపహరణల కేసులో ఫార్క్ అనే ఆ గెరిల్లా సంస్థ నాయకులు ఏడుగురికి పడిన గరిష్ఠ శిక్ష ఎనిమిదేళ్లు. మందుపాతరలు తీయడం, కనపడకుండా పోయినవాళ్లను వెతకడం, కదలికల మీద ఆంక్షలు. ఏళ్ల తరబడి అడవిలో గొలుసులతో కట్టేసి ఉంచిన మనిషికి ఇది న్యాయంగా కనపడదు. కానీ ఆ ఒప్పందమే లేకపోతే యుద్ధం ఆగేది కాదు, అపహరణలు ఆగేవి కావు. రెండూ నిజమే. ఒకదాన్ని చూపించి రెండోదాన్ని నోరు మూయించడం తప్పు.

రువాండాలో గచాచాలు ఇరవై, పాతిక, ముప్పై ఏళ్లు వేసిన వాళ్లు ఇప్పుడు ఏటా వేల సంఖ్యలో విడుదలవుతున్నారు. వెయ్యి కొండల దేశమని పేరున్న చోట వాళ్లు తిరిగి వెళ్లేది అదే కొండకు, అదే దారికి. అక్కడ బతికున్నవాళ్లలో చాలామంది నేటికీ అడుగుతున్నది ఇంకా ఎన్నేళ్లు వేస్తారని కాదు, శవాలు ఎక్కడున్నాయని. 2018లో, అంటే మారణకాండ జరిగిన 24 ఏళ్లకు, కిగాలీ శివార్లలో ఇళ్ల కింద భారీ సామూహిక సమాధులు బయటపడ్డాయి. తవ్వుతూ పోతే వేలల్లో అవశేషాలు వచ్చాయి. వాటి మీద కట్టిన ఇళ్లలో అన్నేళ్లూ మనుషులు కాపురాలు చేశారు. బయటపడ్డ బట్టల ముక్కల్ని ఆరబెట్టిన చోటికి తల్లులు వచ్చి, తమ పిల్లలు ఆ రోజు వేసుకున్నవి వాటిలో ఉన్నాయేమోనని ఒక్కొక్కటీ చేతుల్లోకి తీసుకుని చూసుకున్నారు.